ఎముక దాకా వెళ్లిన ఉప్పు

సంచి కత్తిరించే ముందు ప్యో కుమ్‌రే దాని మీద ఒకసారి ఊదుతుంది.

అది ప్లాస్టిక్ సంచి. లోపల పది కోళ్లు. తలలు లేవు, పాదాలు లేవు. ముక్కలుగా కోసి, చల్లటి ద్రవంలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. ఊదితే ఏదీ కదలదు. అయినా ఆమె వంగి, పెదవులు గుండ్రంగా చుట్టి, సన్నగా ఒక్క ఊపిరి వదిలి, అప్పుడు కత్తెర అందుకుంటుంది. రోజుకు మూడు సంచులైతే మూడుసార్లు. ఎందుకని ఎవరైనా అడిగితే, "దుమ్ము," అంటుంది. దుమ్మేమీ ఉండదు.

ఆ ఊపిరి పాత బజారుది. జెచొన్ ఊరి బజారులో, రైలు పట్టాల వైపు గోడకు ఆనుకుని, ఆమెకొక ఇనుప బోను ఉండేది. అందులో బతికున్న కోళ్లు. కొనడానికి వచ్చిన మనిషి వేలు చూపిస్తే, ఆ కోడిని రెక్కలు మడిచి పట్టుకుని రొమ్ము మీది ఈకల్లోకి ఊదేది. ఈకలు విడిపోయి చర్మం కనిపించేది. పసుపుగా ఉంటే కొవ్వు పట్టిన కోడి. నీలం తిరిగి ఉంటే జబ్బు కోడి. కొనేవాళ్లు వంగి చూసేవాళ్లు, తల ఊపేవాళ్లు. ఒక అరగంటలో ఆ కోడే, వాళ్లు చూసిన ఆ కోడే, నూనె కాగుతున్న బానలోంచి బయటికి వచ్చేది.

దీంట్లో ఏం వేశారని అక్కడ ఎవరూ అడిగేవారు కాదు. అడగడమంటే తిట్టడమే. కొత్తగా వచ్చిన ఒక సార్జెంటు భార్య ఒకసారి అడిగింది.

"నేను వేశాను. ఇంకేం కావాలి?" అంది కుమ్‌రే.

ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి, పిండి. వేసింది ఆమె చెయ్యి. ఆ రోజుల్లో అది జవాబే. కుమ్‌రేకి తెలియనిది కుమ్‌రే అమ్మదు అని బజారులో ఒక మాట ఉండేది. ఆ మాట మీద ఆమె పద్దెనిమిదేళ్లు బతికింది.

తర్వాత కోళ్ల జబ్బు వచ్చిన చలికాలం వచ్చింది. తెల్లటి బట్టలు, తెల్లటి ముసుగులు వేసుకున్న మనుషులు వచ్చి బోనుతో సహా కోళ్లను ఎత్తుకెళ్లారు. ఇకపై ఊరి నడిబొడ్డున ప్రాణం తీయకూడదన్నారు. ప్రాణం తీయడం ఆగలేదు. కనపడని చోటికి వెళ్లింది.

ఆ ఖాళీలోకి కంపెనీ వచ్చింది. కంపెనీకి పసుపు రంగు బోర్డుంది. బోర్డు మీద బొటనవేలు ఎత్తి నవ్వే కోడి ఉంది. తనను తినమని నవ్వే కోడి. కుమ్‌రే ఒప్పందం మీద, సంతకానికి బదులు, తన పేరు చెక్కిన కొయ్యముద్ర వేసింది. కోడి కంపెనీదే రావాలి. పిండి కంపెనీదే, నూనె కంపెనీదే, కారపు పాకం కంపెనీదే, అట్టపెట్టె, చేతులు తుడుచుకునే కాగితం అన్నీ కంపెనీవే. నూట డెబ్బై డిగ్రీలు, పది నిమిషాలు, ఆ తర్వాత యంత్రం వేసే ఒక కీచు. మాంసం ఉడికిందో లేదో నూనె చప్పుడును బట్టి చెప్పే చెవి ఆమెకుంది. ఆ చెవితో ఎవరికీ పని లేకపోయింది.

కోళ్లు ముందే ఉప్పు పట్టి వచ్చేవి. ఫ్యాక్టరీలో పెద్ద డ్రమ్ములో వేసి, గాలి లాగేసి, గిరగిరా తిప్పుతారని లారీ డ్రైవరు చెప్పాడు. అలా తిప్పితే మాంసం తెరుచుకుంటుందట. నీళ్లు ఎముక దాకా వెళ్తాయట.

"ఏం నీళ్లు?" అని అడిగింది.

"రెండో నంబరు," అన్నాడు డ్రైవరు.

అట్టపెట్టె మీద కూడా అంతే ఉంది. ఊరవేసే మిశ్రమం, నంబరు రెండు. మొదటి నెలలో ఆమె హెడ్డాఫీసుకు ఫోన్ చేసి అడిగింది. అది వ్యాపార రహస్యమని ఒక తియ్యటి గొంతు చెప్పింది. ఇంకో నెల ఆగి మళ్లీ అడిగింది. అదే గొంతు, అదే మాట. తర్వాత అడగడం మానేసింది. మానేసిన సంగతి ఆమెకే గుర్తులేదు. కోడి మారింది, నోరు మారలేదు. పన్నెండేళ్లు ఆమె కొత్త కోడిని పాత నోటితో అమ్మింది.

*

అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం. టీవీలో బేస్‌బాల్ ఆఖరి పోటీలు. ఊరంతా కోడి కోసం ఫోన్ చేసే రోజు. భర్త పే చాన్‌గు స్కూటర్ మీద ఆర్డర్లు చేరవేస్తున్నాడు. రైల్వేలో బ్రేకుమ్యానుగా చేసి, రిటైరై దిగిపోయిన మనిషి. కుమ్‌రే మెడకూ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని పిండి కలుపుతోంది.

ఒక ఆడగొంతు. ఏటి అవతల కొత్త ఫ్లాట్ల నుంచి.

"ఒక కోడి కావాలండీ. దానికి ముందు ఒక మాట అడగాలి. మా పాపకు పాలు పడవు. పాలు, వెన్న, జున్ను, పాలపొడి, ఏదీ పడదు. మీ కోడిలో పాలకు సంబంధించింది ఏమైనా ఉందా?"

"కోడికి పాలెక్కడివి తల్లీ!" అని నవ్వింది కుమ్‌రే.

"అది కాదు, మసాలాలోనో, ఊరవేసేటప్పుడో..."

"ముప్పై ఏళ్లుగా కోళ్లు వేయిస్తున్నాను. నా వంటింట్లో పాలచుక్క లేదు."

"ఖచ్చితంగా చెప్తున్నారా?"

"నా చేత్తో చేస్తున్నాను, నాకు తెలీదా? పాప పేరేంటి?"

"సోల్. ఐదేళ్లు."

"సోల్‌కి ఒక కాలు ఎక్కువ పెడతాను. కొసరు."

పెట్టింది కూడా. సోల్ ఒక కాలు తిని, కొసరు కాలు సగం తింది. ముందు పెదవులు ఉబ్బాయి. తర్వాత మెడ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. తర్వాత గొంతులోకి గాలి ఈల వేస్తూ వెళ్లింది. తండ్రి పిల్లను చేతుల్లో వేసుకుని నాలుగు అంతస్తులు దిగాడు. అంబులెన్సు కింద ఆగి ఉంది.

ఆయనే ఆసుపత్రి మెట్ల మీద నుంచి ఫోన్ చేశాడు. పిల్లకు ఊపిరి అందుతోందని చెప్పలేదు. అందడం లేదనీ చెప్పలేదు.

"పాలు లేవన్నారుగా," అన్నాడు. "లేవన్నారుగా!"

కుమ్‌రే ఫోన్ పట్టుకుని నిలబడింది. బుట్టలో కోడి పది నిమిషాలు దాటింది. కీచు మోగుతూనే ఉంది.

ఆయన కంపెనీకి కూడా ఫోన్ చేశాడు. ఆదివారం ఎప్పుడూ రాని లారీ ఆ ఆదివారం చీకటి పడకముందే వచ్చింది. కొత్త సరుకు దించి, పాత సంచులన్నీ వెనక్కి ఎక్కించుకుంది. నాణ్యత కోసం మార్పిడి అన్నాడు డ్రైవరు. సంచులు మోయడానికి కుమ్‌రే కూడా ఒక చెయ్యి వేసింది. పాడైన సరుకేమో, పోతేనే మంచిదనుకుంది.

*

తన వల్ల ఒకరు మంచాన పడితే జావ కాచి తీసుకెళ్లాలి. అది ఆమెకు తెలిసిన మర్యాద. సోమవారం తెల్లారే సంతకు వెళ్లి, ఒక పల్లెటూరి మనిషి దగ్గర నాటుకోడి కొంది. బియ్యం నానబెట్టి, మూడు గంటలు సన్నసెగ మీద కాచింది. డబ్బాను గుడ్డలో చుట్టి ముడి వేసి, భర్తను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.

పిల్ల నిద్రపోతోంది. తల్లి వరండాలోకి వచ్చింది. సన్నటి మనిషి. రైల్వే స్టేషన్లో టికెట్ల కౌంటరు దగ్గర పని. ఎవరు ఏం మాట్లాడినా మధ్యలో అద్దం ఉన్నట్టే చూస్తుంది.

"ఏంటది?"

"జావ తల్లీ. పాపకు. కోడిజావ."

"దీంట్లో ఏముంది?"

కుమ్‌రే నిటారుగా నిలబడింది. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబుంది.

"కోడి. సోంగ్‌హాక్ వైపు పల్లెలో పెరిగింది, మొక్కజొన్న తిన్నది. నేనే కోశాను. బియ్యం మా అక్క వాళ్ల పొలానివి. వెల్లుల్లి, ఎండు రేగుపండ్లు నాలుగు, ఉప్పు. నీళ్లు."

"అంతేనా?"

"అంతే."

"నిన్న కూడా అంతే అన్నారు."

తల్లి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. తలుపు గట్టిగా వేయలేదు. పిల్ల లేస్తుందని మెల్లగా వేసింది.

చాన్‌గు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ జావ తాగాడు. పారబోయడానికి కుమ్‌రే ఒప్పుకోలేదు. తను మాత్రం ముట్టలేదు.

"బాగుందే," అన్నాడు అతను.

"నోరు మూసుకుని తాగు."

*

మంగళవారం సోల్‌ను ఇంటికి పంపారు. అదే రోజు కంపెనీ మేనేజరు నామ్ దుకాణానికి వచ్చాడు. ముప్పై మూడేళ్లు, నున్నటి బూట్లు. నెలకు రెండుసార్లు వచ్చి, నూనెలో కాగితపు ముక్క ముంచి రంగు చూసి పోతాడు. ఈసారి నూనె చూడలేదు. నేరుగా వెళ్లి ఫ్రీజరు తెరిచాడు. అడుగున చెయ్యి పెట్టి ఒక అట్టపెట్టె లాగాడు.

"ఇదేంటి ఓనరుగారూ?"

"మీరు బలవంతంగా దించిపోయిన జున్ను ఉండలు. ఏప్రిల్లో."

"పెట్టె తెరిచి ఉంది."

"తెరిచి ఆరు వేయించాం. మా ఆయన తిని, రబ్బరు చెప్పు నమిలినట్టుందన్నాడు. మళ్లీ ముట్టలేదు."

"అదే నూనెలో వేయించారా?"

"ఏప్రిల్లో నూనె అక్టోబరు దాకా ఉంటుందా నాయనా? నూనె అమ్మేది మీరే. ఎన్ని డబ్బాలు మార్చానో నీకు తెలీదా?"

"తెరిచి ఉందా లేదా అన్నదే నేను రాసుకోవాలి," అన్నాడు నామ్. రాసుకున్నాడు.

నా వంటింట్లో పాలచుక్క లేదు అని ఆదివారం తను అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. ఫ్రీజరు అడుగున జున్ను ఉంది. ఆ మాట అన్న రోజూ ఉంది.

నామ్ సంచిలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ముందే టైపు చేసి ఉంది. హెడ్డాఫీసు సూచనలకు విరుద్ధంగా, జున్ను ఉండలు వేయించిన నూనెలోనే కోడిని వేయించానని, జరిగినదానికి దుకాణమే బాధ్యత వహిస్తుందని. కింద ఆమె పేరు. పేరు పక్కన ముద్రకు చిన్న వలయం.

"వేస్తే?"

"ఆసుపత్రి వ్యవహారం మా బీమా చూసుకుంటుంది. దుకాణం మామూలుగా నడుస్తుంది."

"వెయ్యకపోతే?"

"వచ్చే నెలతో మీ ఒప్పందం అయిపోతోంది కదండీ." రేపు వాన పడొచ్చు అన్నట్టు అన్నాడు.

కుమ్‌రే కాగితాన్ని తాకలేదు. చేతికి పిండి ఉంది.

"నామ్, ఒకటి చెప్పు. ఆ రెండో నంబరు నీళ్లలో ఏముంది?"

"నాకు తెలీదు."

"నీకూ తెలీదా?"

"పైవాళ్లకు తెలుస్తుంది."

"వాళ్లకెవరు చెప్తారు?"

"ఆ పొడి మేం తయారుచెయ్యం ఓనరుగారూ. ఇంకో కంపెనీ దగ్గర కొంటాం. వాళ్లు ఇంకెవరి దగ్గరో కలిపిస్తారు."

"అంటే ఎవరికీ తెలీదు."

"నేను ఈ కోడి వారానికి నాలుగుసార్లు తింటాను," అన్నాడు నామ్, కాస్త నొచ్చుకుని.

"అందులో ఏముందో తెలీకుండానే?"

"రుచిగా ఉంటుందిగా."

"నా బోనులో కోళ్లూ అంతే. ఏది పోస్తే అది తినేవి. అవీ రుచి గురించి ఎప్పుడూ గొడవ పెట్టుకోలేదు."

కుమ్‌రే ఒక పచ్చి కాలు తీసి పలక మీద పెట్టి, కత్తితో ఎముక దాకా చీల్చింది.

"చూడు. నా వంటింట్లో ఏం జరిగినా ఈ తోలు మీద జరుగుతుంది. పిండి తోలుకు అంటుకుంటుంది. నూనె తోలు దగ్గరే ఆగిపోతుంది. పది నిమిషాల్లో లోపలికి వెళ్లేది వేడి ఒక్కటే. ఈ ఎముక పక్కన మాంసంలో పాలున్నాయంటే, అవి నాకంటే ముందొచ్చాయి. మీ డ్రమ్ములో వచ్చాయి. ఎముక దగ్గర కోసి పరీక్ష చేయించండి."

"ఏ కోడిని చేయించమంటారు? ఆ రోజు సంచులన్నీ మేం మార్చేశాం కదా," అన్నాడు నామ్.

అని, తను అన్నది తనకే వినపడినట్టు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత కాగితాన్ని ఉప్పు డబ్బా కింద పెట్టి, శుక్రవారం వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

*

బుధవారం మధ్యాహ్నం, దుకాణం తెరవకముందు, మొగుడూ పెళ్లాం ఇద్దరూ వంటింట్లో అన్నం తింటున్నారు. కాగితం ఉప్పు డబ్బా కిందే ఉంది.

"వెయ్యవే ముద్ర," అన్నాడు చాన్‌గు. "వేలెడంత కొయ్యముక్క. చుక్కంత ఎర్ర సిరా. దానికింత రాద్ధాంతమా?"

"అబద్ధం మీద?"

"రైల్వేలో ముప్పై ఏళ్లు చేశాను. ఆలస్యమైన ప్రతి బండికీ ఎవడో ఒకడు ముద్ర వేశాడు. బండ్లు ఆగాయా?"

"ఆ ఎవడో ఒకడివి ప్రతిసారీ నువ్వే. అందుకే బ్రేకుమ్యానుగా ఎక్కి బ్రేకుమ్యానుగానే దిగావు."

"దిగాను కాబట్టే నీ కోళ్లు మోస్తున్నాను."

"మోస్తున్నావు సరే. ఏం మోస్తున్నావో తెలుసా?"

అతను చెంచా కింద పెట్టాడు. "ఆ పిల్ల బతికింది కదే. ఇంకేం కావాలి?"

"ఈ పిల్ల బతికింది. ఇలాంటి కోడే అమ్మే దుకాణాలు ఈ దేశంలో ఎన్ని వందలున్నాయో. ఇంకో తల్లి ఇంకో దుకాణానికి ఫోన్ చేస్తుంది. నాలాంటిదే ఇంకో ముసలిది నవ్వి, కోడికి పాలెక్కడివి అంటుంది."

"అయితే ఏం చేస్తావు? అరవై ఒకటి నీకు. ఈ దుకాణం పోతే మళ్లీ బోను పెడతావా? పెట్టనిస్తారా?"

దుకాణం పోతే వేరే దారి లేదన్నది నిజం. ముద్ర వేస్తే ఇక ఏ గిన్నె దగ్గరా తలెత్తి నిలబడలేదన్నదీ నిజం. గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని, చేతిసంచి తీసుకుంది.

"ముద్ర సంచిలో వేశాను," అన్నాడు చాన్‌గు వెనకనుంచి. "దార్లో మనసు మారితే నామ్ ఆఫీసు స్టేషను పక్కనే."

ఆమె ఏటి వైపు నడిచింది.

*

సోల్ వాళ్లమ్మ తలుపు తీసింది. గొలుసు తీయలేదు. గొలుసుకు ఇటు కుమ్‌రే, అటు ఆమె.

"జావ తేలేదు కదా?"

"లేదు. ఒకటి అడగడానికొచ్చాను. ఆ రోజు కోడి ఏమైనా మిగిలిందా?"

"మిగిలింది. డాక్టరు దాచమన్నాడు. ఫ్రీజర్లో ఉంది. ఎందుకు?"

"ఒక కాలు నాకివ్వండి."

"మీకా? మీ కంపెనీకిచ్చి మాయం చేయించడానికా?"

"పరీక్షకు. ఎముక పక్కన కోసి చూడమంటాను. వాళ్లు జున్ను నూనె అంటున్నారు. నూనె ఎముక దాకా వెళ్లదు. పాలు అక్కడ ఉంటే ఫ్యాక్టరీలోవే."

తల్లి గొలుసు సరిగా పడి ఉందో లేదో చేత్తో తడిమి చూసుకుంది.

"అలా తేలితే మీకు బాగుంటుంది. తప్పు ఫ్యాక్టరీది, నాది కాదని ఊరంతా తిరగొచ్చు."

కుమ్‌రే నేల చూసింది.

"నాకు పాలతో పేచీ లేదు," అంది తల్లి. గొంతు పెంచలేదు. "పాలు ఎక్కడెక్కడ నక్కి ఉంటాయో నాకు తెలుసు. బిస్కెట్లో ఉంటాయి, చేపల వడల్లో ఉంటాయి, మందుబిళ్లల్లో ఉంటాయి. ఐదేళ్లుగా ప్రతి పొట్లం వెనకా చదువుతున్నాను. చదవడానికి ఏమీ లేని చోట మనిషిని అడుగుతాను. మిమ్మల్ని అడిగాను. రెండుసార్లు అడిగాను. తెలీదు అని మీరు ఒక్క మాట అంటే, ఆ ఆదివారం మేం గుడ్లు ఉడకబెట్టుకుని తినేవాళ్లం."

మెట్ల మీద ఎవరో సైకిలు మోసుకుంటూ పైకి వెళ్లారు. ఇద్దరూ వాళ్లు వెళ్లేదాకా ఆగారు.

"అవును," అంది కుమ్‌రే.

"ఏంటి అవును?"

"నాకు తెలీదు. ఆ రోజూ తెలీదు. తెలుసనే అనుకున్నాను."

"రాసివ్వండి. కాలు ఇస్తాను."

గొలుసు సందులోంచి కాగితం, కలం వచ్చాయి. కుమ్‌రే బడికి వెళ్లింది నాలుగేళ్లే. కాగితాన్ని గోడకు ఆనించి, ఒక్కో అక్షరం నిలబెట్టి రాసింది. పాలు లేవని చెప్పాను. ఉన్నాయో లేవో నాకు తెలియదు. పన్నెండేళ్లుగా తెలియదు. అక్కడిదాకా తల్లి చెప్పింది. చివరి వాక్యం కుమ్‌రే సొంతంగా చేర్చింది. మొదట రెండుసార్లు అడిగాను, తర్వాత అడగడం మానేశాను.

సంచిలో ముద్ర ఉంది. కొయ్యకు ఆవిరి ఊది, సిరా అద్ది, పేరు పక్కన నొక్కింది.

తల్లి నిలబడే చదివింది. చివరి వాక్యం దగ్గర ఒకసారి తలెత్తి, మళ్లీ చదివింది.

"దీన్ని కంపెనీకి పంపుతాను. ఆహార శాఖకూ పంపుతాను. ఇది చూశాక వాళ్లు మిమ్మల్ని ఉంచుకోరు."

"పంపండి."

లోపల చిన్న అడుగుల చప్పుడు. గొలుసు కింద, మోకాలి ఎత్తున, ఒక కన్ను కనిపించింది.

"అమ్మా, కోడి మామ్మా?"

"లోపలికి పో."

"ఇంకో కాలు తెచ్చిందా?"

"సోల్, లోపలికి పో."

కన్ను మాయమైంది. తల్లి వెళ్లి, ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. గడ్డకట్టిన కాలు ఒకటి, ఎవరూ కొరకనిది. కవరు మీద తారీఖు, వేళ రాసి ఉన్నాయి. టికెట్ల మీద ఉన్నట్టు, నిమిషాలతో సహా.

"మిగతావి నా దగ్గరే ఉంటాయి," అంది. "మీ పరీక్షలో తేడా వస్తే నేను విడిగా చేయిస్తాను. మిమ్మల్ని నమ్మి ఇవ్వడం లేదు."

"నమ్మొద్దు," అంది కుమ్‌రే.

తలుపు మూసుకుంది. ఈసారి కాస్త గట్టిగా.

ఇంటికి వచ్చాక ఆమె నామ్ వదిలిన కాగితాన్ని ఉప్పు డబ్బా కిందనుంచి తీసింది. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది. చాన్‌గు చూశాడు. బల్లను ఒకసారి నొక్కాడు. ఊగలేదు.

*

మర్నాడు పొద్దున కుమ్‌రే దుకాణం తెరవలేదు. కాలును ఐసు డబ్బాలో పెట్టి, ఆరూ నలభై బస్సుకు, ఆహార పరీక్షా కేంద్రం ఉన్న ఛొంగ్‌జు వెళ్లింది. డబ్బాను కింది అరలో పెట్టమన్నాడు డ్రైవరు. పెట్టలేదు. రెండు గంటలూ ఒళ్లోనే పెట్టుకుంది.

పరీక్షా కేంద్రం తలుపులు ఇంకా తెరవలేదు. గుమ్మం దగ్గర నిలబడింది. తెరిచాక మొదట లోపలికి వెళ్లింది ఆమే. కౌంటరులో అమ్మాయి ఒక ఫారం ఇచ్చింది. పదార్థం పేరు అన్న చోట, వేయించిన కోడి కాలు అని రాసింది. ఏ భాగం పరీక్షించాలి అన్న చోట, ఎముక పక్కన అని రాసింది. వండినవారు అన్న చోట తన పేరు రాసింది. దానిలో కలిసినవి అన్న గడిని వదిలేసింది.

"ఇది నింపలేదు," అంది అమ్మాయి.

"తెలీదు."

"వండింది మీరే కదండీ?"

"నేనే."

"మరి ఏం వేశారో తెలీదంటే ఎలా? ఏదో ఒకటి రాయండి. కోడి, ఉప్పు, పిండి, అలా. ఖాళీగా ఉంటే తీసుకోరు."

ఫారం వెనక్కి వచ్చింది. కుమ్‌రే కలం తీసుకుని ఆ గడిలో తెలియదు అని రాసింది. ఫారాన్ని ముందుకు తోసి, గోడ పక్కన ఉన్న కుర్చీని కౌంటరు దగ్గరికి లాక్కుని, డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.